బడి పిల్లలకు ఆకాశ దర్శనం: ఫోన్లు, ట్యాబ్‌లు చీకట్లో ఎలా వాడాలి?

బడిమైదానం (ప్రశ్న)

నమస్కారమండి. 2026 ఫిబ్రవరి 14 శనివారం రాత్రి వికారాబాద్ దగ్గర ఒక పల్లె బడి మైదానంలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఆకాశ దర్శనం పెడుతున్నాం. మర్నాడే మహాశివరాత్రి కాబట్టి వెన్నెల బెడద లేదు. పిల్లలు 32 మంది, పెద్దలు నలుగురు. సమయం 7 నుంచి 10 దాకా. టెలిస్కోప్ లేదు. 10×50 బైనాక్యులర్ ఒకటి స్టాండుతో సహా ఉంది. మిగతావన్నీ చేతిలో పట్టుకునేవే: రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు (ఒకటి అమోలెడ్ తెర, ఒకటి ఎల్‌సీడీ), ఒక ఐఫోన్, ఒక 10 అంగుళాల ఎల్‌సీడీ ట్యాబ్.

మేడ మీద ఒకసారి పరీక్షించాం. తేలిన ఇబ్బందులు ఇవి:

ఒకటి, ఫోన్‌లో స్కై మ్యాప్, స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్‌లు రెండూ సిరియస్‌ను (లుబ్ధకుడు) అసలు చోటికి దాదాపు 15 డిగ్రీలు ఎడమగా చూపిస్తున్నాయి. ట్యాబ్ కుడివైపు తప్పుతోంది. ఫోన్‌ను నడినెత్తికి ఎత్తితే పటం గిరగిరా తిరుగుతోంది.

రెండు, యాప్‌లో రాత్రి మోడ్ పెట్టినా, తెర చూసి తలెత్తగానే సన్న చుక్కలు మాయమవుతున్నాయి.

మూడు, మైదానంలో సిగ్నల్ ఉండదు. ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

పిల్లల్లో కొందరు ఇంటి నుంచి ఫోన్లు తెస్తామంటున్నారు. వద్దనాలా, వాటితో ఏదైనా పని చేయించాలా అన్నది కూడా చెప్పండి.

---

ఉత్తరదిక్కు

మొదటి ఇబ్బందికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది: మేడ. శ్లాబులో ఇనుప చువ్వలు, పక్కన నీళ్ల ట్యాంకు స్టాండు, పిట్టగోడ మీద పైపులు ఉంటాయి. అవన్నీ ఫోన్ దిక్సూచిని లాగేస్తాయి. మైదానం మధ్యలో నిలబడి చూస్తే సగం తప్పు దానంతటదే పోతుంది.

ఫోన్ ఎత్తును ఒక విధంగా, దిక్కును ఇంకో విధంగా కొలుస్తుంది. ఎత్తుకు ఆధారం యాక్సెలరోమీటర్. గురుత్వాకర్షణ ఎటు లాగుతోందో చూసి చెబుతుంది, ఒకటి రెండు డిగ్రీల్లో సరిగానే ఉంటుంది. దిక్కుకు ఆధారం మాగ్నెటోమీటర్, అంటే చిన్న దిక్సూచి చిప్పు. దగ్గర్లో ఇనుము, అయస్కాంతం ఏదున్నా అది తప్పు చెబుతుంది. అందుకే మీ సిరియస్ పక్కకు జరిగింది గానీ పైకో కిందికో జరగలేదు.

చేయవలసింది వరసగా చెబుతాను. ముందు కవర్లు తీసేయండి. మడత కవర్‌కు మూత దగ్గర, ట్యాబ్ స్టాండు కవర్‌కు అంచుల్లో, కొన్ని ఐఫోన్ కవర్లకు వెనక గుండ్రంగా అయస్కాంతాలుంటాయి. మీ ట్యాబ్ ఇంకోవైపు తప్పడానికి కవరే కారణం అయ్యుండొచ్చు. తర్వాత ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని మాగ్నెటోమీటర్ పేజీ తెరవండి. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం మొత్తం విలువ సుమారు 40 నుంచి 45 మైక్రోటెస్లాలు. ఫోన్‌ను ఎటు తిప్పినా అంకె ఆ చుట్టుపక్కలే ఉంటే చిప్పు బాగున్నట్టు. 60, 80 చూపిస్తే దగ్గర్లో ఏదో ఉంది, లేదా కాలిబ్రేషన్ చెడింది. అప్పుడు ఫోన్‌ను గాలిలో 8 అంకె రాసినట్టు, మణికట్టు తిప్పుతూ, పదిపదిహేను సార్లు ఆడించాలి. బల్ల మీద పెట్టి తిప్పితే చాలదు, మూడు అక్షాలూ తిరగాలి. ఇది చేసేటప్పుడు పవర్‌బ్యాంక్ తగిలించి ఉంచొద్దు. కారు దగ్గర, స్టీలు కుర్చీ పక్కన చేయొద్దు. బైనాక్యులర్ స్టాండుకు కూడా రెండడుగుల దూరం పాటించండి.

అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా తెలుగు రాష్ట్రాల్లో ఒకటి రెండు డిగ్రీల లోపే. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అన్నీ చేశాక కూడా ఫోన్ దిక్కును 5 డిగ్రీలకు మించి నమ్మకండి. ఆ రాత్రి మీకు ఆకాశమే రెండు గుర్తులు ఇస్తుంది. దక్షిణాన అగస్త్య నక్షత్రం (కనోపస్) ఫిబ్రవరి 14న రాత్రి 9 గంటల 5 నిమిషాల ప్రాంతంలో సరిగ్గా దక్షిణ దిక్కుకు వస్తుంది, నేల నుంచి 20 డిగ్రీల ఎత్తులో. సిరియస్ తర్వాత ఆకాశంలో అంత కాంతి ఉన్న నక్షత్రం అదే, పొరబడే అవకాశం లేదు. ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎప్పుడూ ఉంటుంది గానీ వికారాబాద్‌లో దాని ఎత్తు 17 డిగ్రీలే. చేయి చాచి పిడికిలి పడితే అది 10 డిగ్రీలు. అంటే పిడికిలిన్నర పైన. అటువైపు చెట్ల వరస ఉంటే కనబడదు, మైదానంలో నిలబడే చోటు ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోండి.

నడినెత్తిన పటం తిరగడం పాడైనందుకు కాదు. ఫోన్ నిట్టనిలువుగా పైకి చూస్తున్నప్పుడు ఉత్తరం, తూర్పు అన్న మాటకే అర్థం ఉండదు. చేయి ఒక్క డిగ్రీ వణికినా దిక్కు 30 డిగ్రీలు మారిపోతుంది. ఆ రోజు ఆర్ద్ర (బీటెల్‌జ్యూస్) 8:35 ప్రాంతంలో 80 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది, గురుడు మిథునంలో ఇంచుమించు అంతే ఎత్తుకు వస్తాడు. అంటే ఆ రాత్రి మంచి వస్తువులన్నీ ఫోన్‌కు చేతకాని చోటే ఉంటాయి.

గైరోస్కోప్ (ఫోన్ ఎంత తిరిగిందో పసిగట్టే చిప్పు) లేని చవక ఫోన్లలో పటం తూగుతూ, ఎగురుతూ ఉంటుంది. దానికి మందు లేదు. ఆ ఫోన్‌ను వేరే పనికి వాడుకోండి.

---

పటంచాలు

పైన చెప్పినదంతా సరైనదే. నా సలహా మాత్రం ఇంకో అడుగు ముందుకు: సెన్సర్ మోడ్‌ను (ఫోన్ ఎటు తిప్పితే పటం అటు తిరగడాన్ని) పూర్తిగా ఆపేయండి. ఫోన్‌ను చూపుడుకర్రలా కాక, చేతిలో పటంలా వాడండి.

స్టెల్లేరియంలో సెన్సర్ గుర్తు ఆపితే వేలితో లాగి పటాన్ని మీకు కావలసిన దిక్కుకు తెచ్చుకోవచ్చు. దక్షిణం వైపు తిరిగి నిలబడండి, పటంలో కూడా దక్షిణం కింద అంచున ఉండేలా లాగండి, దృశ్యం వెడల్పు 60 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇప్పుడు తెరను ఛాతీ ఎత్తులో, పుస్తకంలా పట్టుకోవాలి. ముఖానికీ ఆకాశానికీ మధ్య పెట్టకూడదు. చూసేది పటంలో ఒకసారి, ఆకాశంలో పదిసార్లు కావాలి.

పటం మీద నక్షత్రాలు ఎన్ని కనబడాలో అనేది చాలామంది వదిలేసే సంగతి. తొలిసారి చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. యాప్‌లో వేల చుక్కలు, ఆకాశంలో వందలు. సెట్టింగ్‌లలో నక్షత్రాల సంఖ్యను తగ్గించి, తెర మీద ఉన్నవీ కంటికి కనబడేవీ సమానం అయ్యేదాకా దించండి. పల్లె ఆకాశానికి ప్రకాశ పరిమాణం (అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) 5.5 దగ్గర ఆపితే సరిపోతుంది. హైదరాబాద్ లోపల అయితే 3.5 చాలు. బైనాక్యులర్ కోసం చూస్తున్నప్పుడే 9 దాకా పెంచాలి. వీలుంటే 10×50 దృశ్యపు వెడల్పు, సాధారణంగా 6.5 డిగ్రీలు (మీ బైనాక్యులర్ మీద రాసి ఉంటుంది చూడండి), గుండ్రపు గీతగా పటం మీద పెట్టుకోండి. కృత్తికలు ఆ గుండ్రంలో హాయిగా పడతాయి.

నేల పొగమంచు, తోటల బొమ్మలు, రాశుల చిత్రాలు, ఉపగ్రహాల గీతలు అన్నీ ఆపేయండి. రాశుల గీతలు, పేర్లు మాత్రం ఉంచండి.

ఒక హెచ్చరిక. వికారాబాద్‌కు తూర్పున హైదరాబాద్ ఉంది. తూర్పు దిక్కు కింది 20 డిగ్రీలు నగరపు వెలుగుతో తెల్లబారి ఉంటాయి. యాప్ అక్కడ చుక్కలు చూపిస్తుంది, అవి మీకు కనబడవు. మఖ నక్షత్రం అప్పుడే లేస్తుంటుంది, దానికోసం 7:30కి వెతకొద్దు. కార్యక్రమాన్ని పడమర నుంచి మొదలుపెట్టి నడినెత్తికి, తర్వాత దక్షిణానికి తీసుకెళ్లండి. తూర్పు చివరన.

---

దండకణం

రెండో ఇబ్బందికి వస్తాను. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైనది, దీన్ని సరిచేయకపోతే చీకటి మైదానానికి వెళ్లడం వల్ల ప్రయోజనం సగం పోతుంది.

కంటిపాప తెరుచుకోవడం కొన్ని సెకన్ల పని. అసలు ఆలస్యం రెటీనాలో జరుగుతుంది. వెలుతురులో పనిచేసే శంకు కణాలు పదినిమిషాల్లో తమ హద్దుకు చేరుకుంటాయి. చీకట్లో పనిచేసే దండ కణాల్లో రొడాప్సిన్ అనే వర్ణకం తిరిగి నిండటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి తెర ఒక్కసారి చూస్తే ఆ వర్ణకం మళ్లీ విరిగిపోతుంది. దండ కణాలు నీలం, ఆకుపచ్చ మధ్య రంగుకు, 500 నానోమీటర్ల దగ్గర, ఎక్కువగా స్పందిస్తాయి. 640 దాటిన ముదురు ఎరుపును దాదాపు పట్టించుకోవు. ఎర్ర దీపం వాడటానికి కారణం అదే. అయితే ఎరుపైనా కాంతి ఎక్కువైతే పాడుచేస్తుంది. ఎర్రగా ఉండటం సగం, మసగ్గా ఉండటం మిగతా సగం.

మీ యాప్ రాత్రి మోడ్ ఎందుకు సరిపోవడం లేదంటే, అది తన కిటికీని మాత్రమే ఎర్రగా చేస్తుంది. యాప్ తెరుచుకునేటప్పుడు వచ్చే తొలి తెర, వెతికేటప్పుడు లేచే కీబోర్డు, నోటిఫికేషన్, లాక్ తెర, ఇవన్నీ తెల్లగానే వస్తాయి. తెర కింద వేలిముద్ర చూసే ఫోన్లలో చాలావాటికి ఆ చోట ఆకుపచ్చో తెలుపో మెరుపు పూర్తి కాంతితో వెలుగుతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ ఒక్క మెరుపు పది నిమిషాలు వెనక్కి తీసుకెళ్తుంది. ఆ రాత్రికి వేలిముద్ర ఆపేసి పిన్ పెట్టుకోండి, లాక్ తెర బొమ్మను నల్లగా మార్చండి.

ఐఫోన్‌లో వ్యవస్థ మొత్తాన్నీ ఎర్రగా చేయొచ్చు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్. ఆన్ చేసి కలర్ టింట్ ఎంచుకోండి. ఇంటెన్సిటీ, హ్యూ రెండు స్లైడర్లూ కుడి చివరికి జరపండి. తర్వాత యాక్సెసిబిలిటీ పేజీ అడుగున యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో కలర్ ఫిల్టర్స్‌కు టిక్ పెడితే, పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే ఎరుపు వస్తుంది, పోతుంది. ఇంకా మసగ్గా కావాలంటే అదే డిస్‌ప్లే పేజీలో రెడ్యూస్ వైట్ పాయింట్ ఉంది.

ఆండ్రాయిడ్‌లో నైట్ లైట్ అనేది తెరను పసుపు, నారింజ చేస్తుందంతే, అది ఇంట్లో నిద్రకు ముందు పనికొస్తుంది, ఇక్కడ చాలదు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాక్సెసిబిలిటీలో ఎక్స్‌ట్రా డిమ్ ఉంది, అది తప్పక ఆన్ చేయండి. తెర మీద ఎర్ర పొర పరిచే యాప్‌లున్నాయి గానీ, పొర బాగా చిక్కగా ఉంటే కింద యాప్‌కు టచ్ చేరకుండా ఆండ్రాయిడ్ 12 అడ్డుకుంటుంది. అందుకని అవి పలచగానే ఉంటాయి, తెలుపు గులాబీ రంగవుతుంది తప్ప ఎరుపు కాదు.

కాబట్టి ఆండ్రాయిడ్‌కు, ట్యాబ్‌కు నేను చెప్పేది పాత పద్ధతే: ఎర్ర జిలాటిన్ కాగితం. స్టేషనరీ కొట్లలో, బహుమతులు చుట్టే కాగితాలు అమ్మేచోట దొరుకుతుంది. తెరకన్నా అన్ని వైపులా రెండు అంగుళాలు ఎక్కువగా కత్తిరించి, రెండు పొరలు వేసి, ముడతలు లేకుండా బిగించి, అంచులు వెనక్కి మడిచి టేపు వేయాలి. టచ్ మామూలుగానే పనిచేస్తుంది. కెమెరా, ఛార్జింగ్ రంధ్రం వదిలేయండి.

సరిపోయిందో లేదో చూడటానికి పాత సీడీ ఒకటి చాలు. చీకటి గదిలో తెర మీద తెల్లటి పేజీ తెరిచి, సీడీ మెరిసే వైపు వాలుగా పట్టుకుని తెర ప్రతిబింబాన్ని చూడండి. కాగితం లేకుండా ఇంద్రధనుస్సు రంగులన్నీ విడిపోయి కనబడతాయి. కాగితం వేశాక ఎర్ర పట్టీ మాత్రమే మిగలాలి. ఆకుపచ్చ, నీలం జాడ ఇంకా ఉంటే మూడో పొర వేయండి. మార్కెట్లో దొరికే ఎర్ర కాగితాలన్నీ ఒకలా ఉండవు, కొన్ని నీలాన్ని కూడా వదిలేస్తాయి. ఈ పరీక్ష చేయకుండా నమ్మొద్దు.

మీ నాలుగు పరికరాల్లో అమోలెడ్ ఫోన్, తెర అదే రకమైతే ఐఫోన్, ఈ పనికి మేలు. ఆ తెరల్లో నల్ల పిక్సెల్ నిజంగా ఆరిపోతుంది. ఎల్‌సీడీలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతుంది, నల్లటి ఆకాశం పటం కూడా బూడిదగా మెరుస్తుంది. 10 అంగుళాల ట్యాబ్ అంటే ఆ మెరుపు దాదాపు మూడు ఫోన్లంత. ట్యాబ్‌ను చీకటి పడేముందు, 6:45కి అందరినీ కూర్చోబెట్టి ఆ రాత్రి ఏమేం చూస్తామో చూపడానికి వాడి, 7:15కి సంచిలో పెట్టేయడం మంచిది. సూర్యాస్తమయం 6:20 ప్రాంతంలో, పూర్తి చీకటి 7:30కి. కళ్లు అలవాటు పడే సమయం కూడా అందులోనే కలిసిపోతుంది.

ఆటో బ్రైట్‌నెస్ ఆపడం మరవొద్దు. ఎవరైనా టార్చి వేస్తే అది తెరను కూడా వెలిగిస్తుంది.

---

కోణమాపకం

పిల్లల ఫోన్ల గురించి ఎవరూ చెప్పలేదు. అందరూ తెస్తే మైదానంలో ముప్పై తెరలు, ఎర్ర కాగితం ఎంతమందికి అతికిస్తారు? ఎనిమిదిమందికి ఒక జట్టు చేసి, జట్టుకు ఒక ఫోన్ చాలు. ఆ ఫోన్‌తో నక్షత్రాల పేర్లు చదివించడం కన్నా కొలత చేయించండి. తొమ్మిదో తరగతికి అదే ఎక్కువ విలువైనది.

ఫైఫాక్స్‌లోనే వంపు కొలిచే సాధనం ఉంది. ఫోన్ పొడవాటి అంచు మీద సన్న కూల్‌డ్రింక్ గొట్టం టేపుతో అతికించండి. ఒకరు గొట్టంలోంచి ధ్రువ నక్షత్రాన్ని చూస్తారు, ఇంకొకరు పక్క నుంచి అంకె చదువుతారు. ముందుగా ఫోన్‌ను మట్టసంగా ఉన్న బల్ల మీద అంచున నిలిపి సున్నా వస్తోందో లేదో చూడాలి. రాకపోతే ఆ తేడాను చివర్లో తీసేయాలి. ఒక్కొక్కరు ఐదుసార్లు కొలిచి సగటు తీయాలి. వికారాబాద్ అక్షాంశం 17.3. ఒక డిగ్రీ అటూఇటూగా ఆ జవాబే రావాలి. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి 0.6 డిగ్రీ దూరంలో తిరుగుతుంది కాబట్టి అంతకన్నా సూక్ష్మంగా ఆశించకూడదు.

తిరుపతిలో ఏదైనా బడి అదే వారంలో ఇదే కొలిస్తే వాళ్లకు 13.6 వస్తుంది. తేడా 3.7 డిగ్రీలు. పటం మీద రెండు ఊళ్ల ఉత్తర దక్షిణ దూరం సుమారు 410 కిలోమీటర్లు. 410ని 3.7తో భాగిస్తే డిగ్రీకి 111 కిలోమీటర్లు, 360తో గుణిస్తే భూమి చుట్టుకొలత దాదాపు 40,000. ఇనుము, అయస్కాంతం ఈ కొలతను ఏమీ చేయలేవు, ఎందుకంటే ఇది యాక్సెలరోమీటర్ పని. ఉత్తరదిక్కు గారు పక్కన పెట్టమన్న గైరోస్కోప్ లేని ఫోన్ కూడా దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

గొట్టంలోంచి చూసేటప్పుడు తెర వెలుగు కంట్లో పడకుండా, చూసేవాళ్ల వైపు అట్టముక్క అడ్డం పెట్టండి.

---

బడిమైదానం

అందరికీ కృతజ్ఞతలు. కొలత ఆలోచన తప్పకుండా పెడతాం, తిరుపతి వైపు ఒక ఉపాధ్యాయ మిత్రుడిని అడుగుతున్నాను. ట్యాబ్‌ను ముందే సంచిలో పెట్టేస్తాం.

మిగిలినవి రెండు. సిగ్నల్ లేని చోట ఫోన్ తన స్థానం, సమయం ఎలా తెలుసుకుంటుంది, ముందే ఏం దించుకోవాలి? చివర్లో పిల్లలు మృగశిర (ఓరియన్) ఫోటో ఒకటి కావాలంటున్నారు. అమోలెడ్ ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (అమరికలన్నీ చేత్తో మార్చుకునేది) ఉంది, సాధ్యమేనా?

---

ఉత్తరదిక్కు

సమయానికి సమస్య లేదు, ఫోన్ గడియారం ఒక రాత్రిలో తప్పేదేమీ ఉండదు. స్థానం చేత్తో ఇవ్వండి: 17.3 ఉత్తరం, 77.9 తూర్పు. లొకేషన్ ఆపేసి ఈ అంకెలు యాప్‌లో రాసి ఉంచితే బ్యాటరీ కూడా మిగులుతుంది. పది కిలోమీటర్లు అటూఇటూ అయినా నక్షత్రాలు డిగ్రీలో పదోవంతే కదులుతాయి.

జీపీఎస్సే కావాలంటే ఫ్లైట్ మోడ్‌లో కూడా అది పనిచేస్తుంది, ఎందుకంటే ఫోన్ ఉపగ్రహాల నుంచి వినడమే గానీ ఏదీ పంపదు. నెట్ లేనప్పుడు ఉపగ్రహాల వివరాలను ఆకాశం నుంచే నెమ్మదిగా అందుకోవాలి కాబట్టి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పనిచేయడం లేదనుకుని ఆపేయకండి, తెరిచిన చోట కదలకుండా పట్టుకోండి. ఇంటి దగ్గర ఒకసారి స్థానం పట్టించి బయల్దేరితే తొందరగా దొరుకుతుంది.

ముందే దించుకోవలసింది: యాప్‌ను నెట్ ఉండగా ఒకసారి పూర్తిగా తెరిచి, మీరు చూపబోయే ప్రతి వస్తువునూ వెతికి తాకండి. కొన్ని యాప్‌లు నక్షత్రాల పట్టికలు, బొమ్మలు అడిగినప్పుడే తెచ్చుకుంటాయి. తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, యాప్ మూసి, మళ్లీ తెరిచి అన్నీ వస్తున్నాయో చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఆ రాత్రి దాటుతుందో లేదో హెవెన్స్ అబవ్ అనే వెబ్‌సైట్‌లో అదే రోజు మధ్యాహ్నం చూసి కాగితం మీద రాసుకోండి. దాని కక్ష్యను తరచూ సరిచేస్తుంటారు, వారం కిందటి లెక్క నిమిషాల తేడాతో తప్పుతుంది. గ్రహాలకు, నక్షత్రాలకు ఆ బాధ లేదు.

పవర్‌బ్యాంక్ 10000 ఎంఏహెచ్‌ది ఒకటి చాలు. 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను నష్టాలు పోను ఒకటిన్నర సార్లు నింపుతుంది. దాని నీలం దీపాల మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేయండి.

మంచు గురించి ఒక మాట. ఫిబ్రవరి మధ్యకు వికారాబాద్‌లో తగ్గుతుంది గానీ, డిసెంబరు, జనవరిలో లేదా అరకు, లంబసింగి లాంటి చోట ఇదే కార్యక్రమం పెడితే తెర మీద తేమ పట్టి టచ్ పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తుంది. ఆకాశం వైపు తెరిచి ఉన్న గాజు తన వేడిని పైకి వదిలేసి గాలికన్నా చల్లబడుతుంది, అందుకే తేమ ముందు దాని మీదే చేరుతుంది. వాడనప్పుడు తెర కిందికి ఉండేలా జేబులోనో సంచిలోనో పెట్టాలి. బైనాక్యులర్ కటకాలకూ అంతే.

---

మూడుకాళ్లు

ఫోటో సాధ్యమే, ఆ ఫోన్‌కు కాళ్లు మూడు కావాలంతే. క్లిప్పున్న ట్రైపాడ్ లేకపోతే ఇసుక సంచి మీద వాలుగా పెట్టినా చాలు, ముట్టుకోకుండా ఉంటే.

ప్రో మోడ్‌లో ప్రధాన కెమెరా మాత్రమే వాడండి. జూమ్, వైడ్ కెమెరాల రంధ్రం చిన్నది, సెన్సర్ కూడా చిన్నది. ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) 1600, షట్టర్ (కాంతి పడే సమయం) 10 సెకన్లు, టైమర్ 3 సెకన్లు, ఫ్లాష్ పూర్తిగా ఆఫ్, వీలుంటే రా ఫైల్ (ఫోన్ సర్దుబాట్లు చేయని అసలు చిత్రం). 10 సెకన్లే ఎందుకంటే ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు తిరుగుతుంది (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). 4000 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రం సుమారు 70 డిగ్రీల దృశ్యాన్ని పడుతుంది కాబట్టి ఒక్కో పిక్సెల్ ఒక ఆర్క్ నిమిషం. 10 సెకన్లలో నక్షత్రం రెండున్నర పిక్సెళ్లు జరుగుతుంది, కంటికి గుండ్రంగానే ఉంటుంది. 30 సెకన్లిస్తే ఏడెనిమిది పిక్సెళ్ల గీత అవుతుంది.

చెడేది ఎక్కువగా ఫోకస్ దగ్గర. చీకట్లో ఆటోఫోకస్ దేన్నీ పట్టుకోలేదు. మాన్యువల్‌కు మార్చి అనంతం వైపు జరపండి, అయితే చాలా ఫోన్లలో స్లైడర్ చివరి బిందువు అనంతాన్ని కొంచెం దాటిపోతుంది. దూరంగా, కనీసం అర కిలోమీటరు అవతలి వీధిదీపం మీద పెద్దది చేసి చూసి, అది సన్నటి చుక్కగా కనబడేచోట ఆపండి. సంధ్య వేళే చేసి ఆ స్థానం గుర్తుపెట్టుకుంటే చీకట్లో వెతుక్కునే పని ఉండదు.

ఒక్క ఫోటో కాక 20 తీయండి, మధ్యలో ఫోన్‌ను కదపకండి. వాటిని ఇంటి దగ్గర కంప్యూటర్‌లో సీక్వేటర్‌లాంటి ఉచిత ప్రోగ్రాంలో ఒకదాని మీద ఒకటి పేర్చితే గరుకుదనం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఖడ్గంలాంటి మూడు చుక్కల మధ్య మృగశిర నీహారిక గులాబీ మచ్చగా వస్తుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్ ఎవరి దగ్గరైనా ఉంటే దాని ఆస్ట్రో మోడ్ ఇదంతా 4 నిమిషాల్లో తనే చేసేస్తుంది, ట్రైపాడ్ మీద కదలకుండా పెడితేనే ఆ మోడ్ మొదలవుతుంది.

ఇదంతా 9:40 తర్వాత పెట్టుకోండి, అప్పటికి పిల్లలు చూడవలసినవన్నీ చూసి ఉంటారు. మృగశిర అప్పటికి పడమటికి కొద్దిగా వాలి ఉంటుంది, ఫోన్ వాలు పెట్టడానికి కూడా అదే సుళువు. తీసిన వెంటనే ఫోటో చూపమని 32 మందీ చుట్టూ మూగుతారు. ప్రివ్యూ తెర తెల్లగా మెరుస్తుంది కాబట్టి బైనాక్యులర్ దగ్గర ఇంకా ఎవరైనా ఉంటే, అటు వీపు పెట్టి చూపండి.